ఒడ్డు మీద మొదలయ్యే వేట

మృగశిర కార్తె వచ్చిందంటే తెలంగాణలో ఏ వీధిలో నడిచినా చేపల పులుసు వాసనే. జూన్ 7నో 8నో వచ్చే ఆ రోజున చేప ముక్క నోట్లో పడాల్సిందేనని మన పెద్దల మాట. పొద్దున్నే సంచి పట్టుకుని మార్కెట్టుకు పరిగెడతాం. బొచ్చె ఎంత, రవ్వ ఎంత, కొర్రమట్ట ఎంత అని అడుగుతాం. మొప్పలెత్తి ఎర్రగా ఉన్నాయో లేదో చూస్తాం. పది రూపాయల కోసం గీచి గీచి బేరమాడతాం. అన్నీ అడుగుతాం గానీ, ఈ చేపను పట్టిన వల ఎవరు కట్టారమ్మా అని మాత్రం అడగం.

అడిగి చూడండి. "మా ఆయన" అనరు చాలామంది. "నేనే" అంటారు!

మాది గోదావరిఖని. మావారు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యారు. 1960ల్లో గనులు తెరిచాక పెరిగిన ఊరు కాబట్టి ఇక్కడ ఏ మాటైనా బొగ్గుతో మొదలై బొగ్గుతోనే ముగుస్తుంది. కానీ ఊరి పేరు ఒకసారి విడదీసి చూడండి. గోదావరి ముందు, ఖని తర్వాత! గనులు రాకముందు నుంచీ ఆ నీటిని నమ్ముకుని బతికిన గంగపుత్రులు, ముదిరాజులు ఈ ఒడ్డున ఉన్నారు. వాళ్ళ నోట గోదావరి అన్న మాటే తక్కువ. "గంగకు పోయిండు", "గంగల నీళ్ళొచ్చినయ్" అంటారు. గంగ అంటే వాళ్ళకు నది, తల్లి, పొలం, బ్యాంకు అన్నీ.

మా వాడకు చేపలు తెచ్చే అక్క ఒకామె ఉంది. ఆమె వెంట పోయిన ఏడు వానాకాలమంతా వాళ్ళ గల్లీకి వెళ్ళి వస్తూ ఉన్నాను. అక్కడ చూసిందీ, విన్నదీ మీతో పంచుకోవాలనిపించింది.

బాయిలో దిగే మనిషికి టోపీ, దీపం, బూట్లు కంపెనీ ఇస్తుంది. దీపాలకు ప్రత్యేకంగా ల్యాంపు రూం ఉంటుంది. చార్జింగ్ ఎక్కిందా, సరిగ్గా వెలుగుతోందా అని చూసి చేతికిచ్చే మనిషి ఉంటాడు. ఆ పనికి హాజరు ఉంది, జీతం ఉంది. మరి నీటి మీదికి వెళ్ళే మనిషికి? అతని ల్యాంపు రూం అతని ఇల్లే. అందులో డ్యూటీ ఇల్లాలిది. హాజరు లేదు, జీతం లేదు, రిటైర్మెంటు అసలే లేదు.

వల ఒడ్డెక్కే నెలలు

మృగశిర నాటి అమ్మకాల హడావుడి తీరాక వలలు మెల్లగా ఒడ్డెక్కుతాయి. వానలు పడి కొత్తనీరు పారే రోజులు చేపలు గుడ్లు పెట్టే రోజులు. బొచ్చె, రవ్వ లాంటివి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వరద నీరు ఒంటికి తగిలితేనే వాటికి ఆ కాలం వచ్చినట్టు. అందుకే ఒకప్పుడు చేప పిల్లలు కావాలంటే నదుల్లోంచి పట్టుకోవడమే దారి. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో మన శాస్త్రవేత్తలు ఇంజెక్షన్ ఇచ్చి, చెరువు చేప చేత గుడ్లు పెట్టించడంలో గెలిచారు. ఆ రోజునే దేశమంతా మత్స్య రైతుల దినోత్సవం చేస్తారు. అయినా నదిలో తిరిగే చేపకు ఇప్పటికీ వరదే పురుడు పోయాలి. అందుకే జులై, ఆగస్టుల్లో జలాశయాల్లో వేట ఆపమని మత్స్యశాఖ చెబుతుంది. సముద్రం మీద తూర్పు తీరానికైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం.

వేట లేదు కాబట్టి ఆ ఇళ్ళలో తీరిక అనుకుంటాం మనం. నేను వెళ్ళినప్పుడు ఆ గల్లీలో ఒక్క చేయి ఖాళీగా లేదు! అరుగుల మీద, వేపచెట్టు కింద, రేకుల పందిరి కింద వలలు గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. కాలి బొటనవేలికి వల అంచు తగిలించి, మోకాలి మీద చేయి ఆనించి సూది ఆడిస్తున్నారు ఆడవాళ్ళు. మగవాళ్ళు తెప్పల పనిలో, పడవల పనిలో ఉన్నారు. చెక్క పడవ సందుల్లో నార కుక్కి, పైన తారు పూస్తున్నారు.

"ఇప్పుడు గూసోకుంటె రేపు గంగల ఆయినె గూసోవాలె చెల్లె, వల ముంగట. చినిగిన వలకు చాప చిక్కది. చిక్కినా నిలవది" అంది అక్క. అంతే గదా మరి!

పొక్కను ముందు పెద్దది చేయాలి

వల బాగుచేయడమంటే చిరిగిన చోట దారంతో కుట్టేయడమేననుకున్నాను, మన చీర చిరుగులాగా. అక్కడ ఒక పెద్దవ్వ కత్తెర తీసి, ఉన్న చిరుగును ఇంకా కోస్తుంటే ఆశ్చర్యమేసింది.

"ఏందవ్వా, ఇంకింత కోస్తున్నవ్?" అని అడిగాను.

"పొక్కను ముందుగాల పెద్దగ జెయ్యాలె బిడ్డా. అంచు సక్కగుంటెనే అతుకు గూసుంటది" అంది.

విషయం ఏమిటంటే, వలలో ప్రతి కన్నుకూ నాలుగు ముళ్ళు, ప్రతి ముడి నుంచీ నాలుగు దారాలు. తెగిన చోట కొన్ని ముళ్ళకు మూడు దారాలే మిగులుతాయి, కొన్నిటికి రెండే. సగం తెగి వేలాడే కొసలన్నీ కత్తిరించి, పైన ఒక చోట, కింద ఒక చోట మాత్రం మూడు దారాల ముడి మిగిలేట్టు అంచు సరిచేస్తారు. పై ముడి దగ్గర సూది మొదలుపెట్టి, వరస వెంట వరస అల్లుకుంటూ దిగి, కింది ముడి దగ్గర ఆపితే కొత్త అల్లిక పాతదానిలో కలిసిపోతుంది. ఎక్కడ అతికిందో కనిపించదు. కన్ను ఒకే కొలతలో రావడానికి వెదురు బద్ద ఒకటి వేలి పక్కన పెట్టుకుంటారు. దారం దాని చుట్టూ తిప్పి ముడి వేస్తే ప్రతి కన్నూ ఒకే సైజు. పెద్దవ్వకైతే బద్ద కూడా అక్కర్లేదు, వేళ్ళే కొలత. "నాలుగు వేళ్ళ వల", "మూడు వేళ్ళ వల" అని చెప్పుకుంటారు వాళ్ళు.

ఒక్క చిరుగును వదిలేస్తే ఏమవుతుంది? చేప తన్నుకున్నప్పుడల్లా పక్క కన్నులు కూడా తెగుతాయి. ఇవాళ అరచేయంత పొక్క నెలలో మనిషి దూరేంత అవుతుంది. సంసారంలో మాటలాగే!

ఒక్క వలకు 666 ముళ్ళు

ఈ రోజుల్లో వలను మొదటి నుంచి చేత్తో అల్లేవాళ్ళు తక్కువ. మిషను మీద అల్లిన వల గుడ్డ కిలోల లెక్కన దుకాణంలో దొరుకుతుంది. మరి ఇంక పనేముంది అనకండి. ఆ గుడ్డను నీళ్ళలో పడేస్తే ముద్దగా మునిగిపోతుంది. పైన ఒక తాడు, దానికి బెండ్లు కట్టాలి. కింద ఒక తాడు, దానికి గుండ్లు కట్టాలి. బెండ్లు పైకి లాగితే, గుండ్లు కిందికి లాగితే అప్పుడు నీటిలో గోడలా నిలబడుతుంది. గుడ్డను వలగా మార్చే ఈ పనే ఆడవాళ్ళది.

ఇందులో ఒక కిటుకుంది. 100 మీటర్ల గుడ్డను 100 మీటర్ల తాడుకు కడితే కన్ను గట్టిగా మూసుకుని గీతలా ఉంటుంది, చేప తల దూరదు. అందుకని సుమారు 50 మీటర్ల తాడుకే కుదించి కడతారు, లంగాకు కుచ్చిళ్ళు పెట్టినట్టు. అప్పుడు కన్ను నీటిలో విచ్చుకుంటుంది. చేప తల దూర్చుతుంది, ఒళ్ళు పట్టదు, వెనక్కి లాగబోతే మొప్పల దగ్గర దారం పడుతుంది. కుచ్చిళ్ళు ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అయితే వల వంకర పోతుంది. ఆ చోట చేప తప్పించుకుంటుంది.

అక్కా, నేనూ కూర్చుని ఒక లెక్క వేశాం. లాగి కొలిస్తే 10 సెంటీమీటర్ల కన్ను. 100 మీటర్ల గుడ్డలో పొడవునా 1,000 కన్నులు. మూడు కన్నులకు ఒక ముడి అనుకుంటే పై తాడుకు 333, కింది తాడుకు 333. మొత్తం 666 ముళ్ళు, ఒక్క వలకు! వాళ్ళింట్లో అలాంటివి పది. అంటే 6,660. ఇందులో చిరుగుల ముళ్ళు లేవు, బెండ్లు, గుండ్లు కట్టిన ముళ్ళు లేవు. లెక్క కాగితం చూసి అక్క నవ్వింది. "గిన్ని ఏసిన్నా నేను? ఆయినెకు సూపెట్టాలె" అంది.

అత్తది ఎండ, కోడలిది నీడ

పెద్దవ్వ కాపురానికొచ్చిన కాలంలో వలలు నూలువి, జనప నారవి. తడిసిన నూలు తొందరగా కుళ్ళిపోతుంది. అందుకని తుమ్మచెక్క నీళ్ళలో మరిగించి, ఆ కషాయంలో వలను ముంచి, ఆరబెట్టి, మళ్ళీ ముంచేవారు. చెక్కలోని వగరు గుణం దారాన్ని కుళ్ళనివ్వదు. వేట నుంచి రాగానే వల ఎండలో పడాల్సిందే. "ఎండ సూపియ్యకపోతె మా అత్త అన్నం పెట్టకపోతుండె" అని నవ్వుతుంది అవ్వ.

నైలాన్ వచ్చి ఆ పద్ధతిని తలకిందులు చేసింది. 1935లో అమెరికాలో కనిపెట్టిన ఆ దారం ముందు బ్రష్షులకు, మేజోళ్ళకు వెళ్ళి, తర్వాత ప్రపంచమంతటా వలలకు ఎక్కింది. మన దేశంలో 1957లో కొచ్చిలో మొదలైన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కూడా ఈ దారాల మీద చాలా పరిశోధన చేసింది. నైలాన్ కుళ్ళదు. కానీ ఎండకు ఓర్వదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని బలాన్ని తినేస్తాయి. పైకి బాగానే ఉంటుంది, చేప గుంజగానే పుటుక్కుమంటుంది. మనవాళ్ళు టంగూస్ అనే సన్నటి ఒంటి దారం వలలకు మరీ జాగ్రత్త కావాలి. అందుకే అత్తగారు ఎండలో వేయమన్న ఇంట్లోనే కోడలు వలను నీడకు లాగుతుంది. ఇద్దరిదీ సరైన మాటే. మారింది దారం.

వల పదికాలాలు నిలవాలంటే...

ఆ గల్లీలో నేర్చుకున్న జాగ్రత్తలు ఇవి. ఇంట్లో వల ఉన్నవారికి పనికొస్తాయని రాస్తున్నాను.

- వేట ముగిశాక నాచు, పుల్లలు, చేప పొలుసులు ఏరి, మంచినీళ్ళతో కడగాలి. కొస పట్టుకుని గట్టిగా పిండకూడదు, ముళ్ళు జారతాయి.
- నీడలో, గాలి ఆడే చోట ఆరబెట్టాలి. మా ఊళ్ళో దుమ్ము ఎక్కువ కాబట్టి రోడ్డు వైపు కాకుండా వెనక వైపు ఆరేస్తారు.
- నేల మీద గుట్టగా వేయకుండా దూలానికో, వెదురుకో వేలాడదీయాలి. చేప వాసనకు ఎలుకలు వస్తాయి. ఒక్క రాత్రి చాలు వాటికి!
- కిరోసిన్, బ్యాటరీ నీళ్ళు, పురుగుల మందు డబ్బాల పక్కన పెట్టకూడదు.
- నైలాన్ తాడు కొసలు విడిపోకుండా దీపం సెగకు కొద్దిగా కరిగించాలి. పిల్లలు దగ్గర లేనప్పుడు, గాలి ఆడే చోట చేయాలి.
- ప్రతి వలను పట్టుకుని రెండు చేతులతో ఒక కన్ను లాగి చూడాలి. సులువుగా తెగితే దానికి ఇక అతుకులు దండగ.
- పనికిరాని వలను గంగలో పారేయకూడదు. నైలాన్ ఏళ్ళ తరబడి చావదు. పట్టేవాడు లేకపోయినా చేపల్నీ, తాబేళ్ళనూ పట్టి చంపుతూనే ఉంటుంది.

గుండ్లు పళ్ళతో నొక్కొద్దు

ఒక విషయం మాత్రం నన్ను కలవరపెట్టింది. వల కింది తాడుకు కట్టే గుండ్లలో సీసంవి ఎక్కువ. సీసం మెత్తన. అందుకని చీలిక ఉన్న గుండును తాడుకు తగిలించి, పంటి కింద పెట్టి నొక్కేస్తారు. అదే చేత్తో పక్కన ఉన్న చంటిదానికి బిస్కెట్టు తినిపిస్తారు. కొందరు పాత సీసం కరిగించి ఇంట్లోనే గుండ్లు పోసుకుంటారు.

సీసం ఒంట్లో చేరితే మంచి మోతాదు, చెడ్డ మోతాదు అని లేదు. ఎంతైనా చెడ్డదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గర్భిణి ఒంట్లోంచి కడుపులో బిడ్డకు చేరుతుంది. కాబట్టి పళ్ళకు బదులు పటకారు వాడాలి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. వంటపొయ్యి మీద సీసం కరిగించనే కూడదు. పెద్దవ్వ కాలంలో కాల్చిన మట్టి గుండ్లు కట్టేవారట. అవి ఇప్పటికీ పనికొస్తాయి.

ఇంకొకటి కళ్ళు. నలభై దాటాక దగ్గరి చూపు మసకబారడం అందరికీ మామూలే. మనం పుస్తకం దూరం జరుపుతాం. వల కట్టే ఆమె ఏం జరుపుతుంది? "సూపు తగ్గింది, ఇగ నా శాతగాదు" అని సూది కింద పెట్టిన వాళ్ళను చూశాను. ఒక చిన్న కళ్ళజోడుతో తీరే కష్టం అది. మెడ వంచి గంటల తరబడి కూర్చోకుండా వలను కొక్కేనికి తగిలించి ఎదురుగా పెట్టుకుంటే నడుముకూ సుఖం. టంగూస్ దారం వేలిని బ్లేడులా కోస్తుంది. చూపుడు వేలికి గుడ్డ చుట్టుకోవడం మరవద్దు.

కన్ను చిన్నదైతే రేపటికి చేప లేదు

వల కన్ను ఎంతుండాలన్నది కేవలం ఇంటి లెక్క కాదు. అది గంగ లెక్క. కన్ను కంటే చిన్న చేప దూరి వెళ్ళిపోతుంది, అది పెరిగి వచ్చే ఏడు గుడ్లు పెడుతుంది. కన్ను చిన్నదిగా కడితే పిల్ల చేప కూడా చిక్కుతుంది. ఇవాళ నాలుగు రూకలు, రేపు ఖాళీ వల.

1897 నాటి భారత మత్స్య చట్టంలోనే వల రకం మీద, కొలత మీద నిబంధనలు పెట్టే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చారు. నీటిలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపల్ని చంపడం నేరమని కూడా ఆ చట్టమే చెప్పింది. తూటా పేలిస్తే తల్లి చేప, పిల్ల చేప, గుడ్డు అన్నీ ఒక్కసారే పోతాయి. వల అలా కాదు. దానికి కన్నులున్నాయి కాబట్టి దేన్ని పట్టాలో, దేన్ని వదలాలో ఎంచగలదు. ఆ ఎంపిక గంగలో జరగదు. గుడ్డ కొనేటప్పుడు, బద్ద ఎంచేటప్పుడు ఒడ్డు మీదే జరుగుతుంది.

"సన్న కన్ను తెస్తె నేను కట్ట" అని భర్తకు చెప్పేసిందట మా అక్క. "పిల్లల్ని దినే వల నా శేతుల మీదికెల్లి పోవద్దు." ఇంతకంటే పెద్ద ఉపన్యాసం నేను ఎక్కడా వినలేదు.

నీళ్ళు మారితే వలా మారాలి

మా వైపు గంగ ఈ ఇరవై ఏళ్ళలో చాలా మారింది. ఎగువన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు వచ్చింది. 62 గేట్లు, 20.175 టీఎంసీల నీరు. దిగువన కాళేశ్వరంలో భాగంగా 2019లో సుందిళ్ల బ్యారేజీ వచ్చింది. ఇసుక తేలిన గంగలో మోకాళ్ళ లోతున నిలబడి విసురు వల వేసిన చోట నిండు నీరు నిలిచింది. లోతు నీటికి లోతు వలలు కావాలి. అడుగున మునిగిన చెట్ల మొద్దులు వలలను పీలికలు చేస్తాయి. 2016 నుంచి రాష్ట్రంలో ఉచిత చేప పిల్లల పంపిణీ మొదలవడంతో ఆశ కూడా పెరిగింది. వడ్డీకి తెచ్చి కొత్త వలలు కొన్నారు.

2022 జులైలో పెద్ద వరద వచ్చింది. గట్టున కట్టిన వలలు, తెప్పలు కొట్టుకుపోయిన ఇళ్ళున్నాయి. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డలో పిల్లర్లు కుంగాయి. ఆ తర్వాత అన్నారం, సుందిళ్లలో కూడా నీళ్ళు నిలపలేదు. 2024 ఎండాకాలానికి మా బ్రిడ్జి కింద మళ్ళీ ఇసుక తేలింది. లోతు వలలు దూలాలకు వేలాడాయి. అప్పు మాత్రం వేలాడదు కదా, నడుస్తూనే ఉంటుంది.

అప్పుడేం చేశారని అక్కను అడిగాను. "అడ్డంగ కోసినం చెల్లె. ఒక్క లోతు వలను రెండు పొట్టి వలలు జేసినం. తాళ్ళు మల్ల కొత్తయి కట్టినం" అంది తేలిగ్గా. అంటే మళ్ళీ ఎన్ని వందల ముళ్ళో మీరే లెక్క వేసుకోండి! ప్రాజెక్టుల పెద్ద లెక్కలు తప్పినా తిరిగి సరిచేసుకున్నది ఆ అరుగు మీద కూర్చున్న చేతులే.

ఆ గడిలో రాసిన మాట

ఇంత చెప్పాక అసలు విషయానికి వస్తాను. ఆ గల్లీలో ఇంకో వదినె ఉంది. భర్త జబ్బు పడి మూడేళ్ళుగా నీళ్ళ మీదికి వెళ్ళడం లేదు. ఆమె ముప్పై ఏళ్ళుగా వలలు కడుతోంది, చేపలు అమ్ముతోంది. ఇప్పుడు కొడుకును తోడు పెట్టుకుని తెప్ప మీద కూడా వెళ్తోంది. వలల కోసం సాయం అడుగుదామని దరఖాస్తు నింపడానికి వెళ్ళింది. నింపి పెట్టిన మనిషి 'వృత్తి' అన్న గడిలో ఆమెను అడగకుండానే 'గృహిణి' అని రాసేశాడు. ఆ ఒక్క మాటతో కాగితం వెనక్కి వచ్చింది. మత్స్యకారులకైతేనే ఇస్తామన్నారు!

గృహిణి అన్న మాటలో తప్పేం లేదు. నేనూ గృహిణినే. కానీ ఆ గడిలో ఆ మాట పడితే ముప్పై ఏళ్ళ పని తుడిచిపెట్టుకుపోయింది. మత్స్య సహకార సంఘాల్లో సభ్యత్వం ఎక్కువగా మగవారి పేరు మీదే ఉంటుంది. నీళ్ళలో దిగి చేప పట్టడమే పని అని లెక్క. ఒడ్డున చేసేది పని కాదా?

గనుల సంగతీ అలాగే ఉండేది. 1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలో పనికి పెట్టుకోకూడదంది. 2019లో ఆ నిబంధన సడలించారు. గంగలో దిగొద్దని ఆడవాళ్ళకు ఏ చట్టమూ చెప్పలేదు. కాబట్టి సడలించడానికీ ఏమీ లేదు. మారాల్సింది ఆ గడిలో రాసే మాట.

కాగితం మీద దారులు లేకపోలేదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకు పడవలు, వలలకు సాయం పెట్టారు. సాధారణ లబ్ధిదారులకు యూనిట్ ధరలో 40 శాతం వరకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం వరకు అని నిర్ణయించారు. ఆడవాళ్ళకే ఎక్కువ! కానీ పేరు ఆమెది అయితేనే. మహిళా మత్స్య సహకార సంఘాలు కూడా ఉన్నాయి. 2021లో వచ్చిన ఈ-శ్రమ్‌లో 16 నుంచి 59 ఏళ్ళ లోపు అసంఘటిత కార్మికులు ఎవరైనా తమ వృత్తి చెప్పి పేరు రాయించుకోవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. ఈ మూడు చోట్లా మొదటి ప్రశ్న ఒకటే: "నువ్వేం పని చేస్తావు?"

మా వదినె రెండోసారి దరఖాస్తు పెట్టింది. ఈసారి రాసే మనిషి పక్కన నిలబడి తనే చెప్పింది: "వల కట్టుడు, చాపలు పట్టుడు, అమ్ముడు. మూడు రాయి." అతను గడి చిన్నదన్నాడట. "సన్నగ రాయి" అందట! నేనిది రాసే నాటికి దాని ఫలితం ఇంకా రాలేదు. అయినా ఆ మూడు మాటలూ కాగితం మీద ఉన్నాయి, ఆమె పేరు పక్కన.

మనం చేయగలిగింది ఏముందంటారా? ఉంది. జులై, ఆగస్టుల్లో గుడ్లతో నిండిన గంగ చేపను కొనకుండా ఉందాం. వేలెడంత బొచ్చె పిల్లల్ని కుప్పగా పోసి అమ్ముతుంటే, చౌక అని సంచి చాచకుండా ఉందాం. చేపలమ్మే అక్కతో బేరమాడేటప్పుడు ఆ పది రూపాయల్లో ఆమె ముళ్ళు కూడా ఉన్నాయని గుర్తుంచుకుందాం. మీకు రాయడం వస్తే, మీ వాడలో ఇలాంటి అక్కకో వదినెకో దరఖాస్తు నింపి పెట్టండి. ఆ గడి దగ్గర కలం ఒక్క క్షణం ఆపి ఆమెనే అడగండి. ఆమె ఏం చెబితే అది, మొత్తం, సన్నగానైనా సరే రాయండి.